రెండో డిస్కు

ఆ ఆదివారం మధ్యాహ్నం మురారి గురువుగారి దగ్గరికి పాఠం కోసం రాలేదు. తీర్పు కోసం వచ్చాడు.

గురువుగారంటే ఎలీషా మాస్టారు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, రేవుకి దగ్గర్లో, మేడ మీద ఒక గదిలో ఉంటారు. ఒకప్పుడు బీచ్ రోడ్డు హోటల్లో డీజే. ఆయన పాట పెడితే భోజనానికి వచ్చినవాళ్ళు కూడా కంచాలొదిలేసి లేచి ఆడేవారని చెప్పుకుంటారు. అందులో సగమైనా నిజమై ఉంటుంది. మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టునే ఉండి, అడిగినవాళ్ళకి పాటలు కలపడం నేర్పుతున్నారు. కలపడమంటే, ఒక పాట అయిపోయేలోపే దాని అడుగున ఇంకో పాటని మెల్లగా మొదలుపెట్టి, అతుకు తెలియకుండా దీన్ని దించుతూ దాన్ని ఎత్తడం. చెప్పడానికి ఇంతే. చేతిలోకి తీసుకుంటే చెమటలు పడతాయి.

మురారి, జహీర్ ఇద్దరూ ఆయన శిష్యులే. కాలేజీ రోజుల్లో, ఓడ దిగిన ఒక నావికుడి దగ్గర ఇద్దరూ చెరిసగం వేసుకుని ఒక మిక్స్ సంకలనం కొన్నారు. ఎవరో దూరదేశపు డీజే కలిపినది. పెట్టెలో రెండు సీడీలు. మొదటిది ప్రోగ్రెసివ్ హౌస్ అనే రకం డాన్సు సంగీతం. దానికి తొందర లేదు, కట్టెల పొయ్యి మీద అన్నం ఉడికినట్టు ఉడుకుతుంది. రెండోది ట్రాన్స్ అనే ఇంకో రకం. అది మొహమాటం లేకుండా గుండె పట్టుకుని పైకి లేపుతుంది. మొదటిది మురారి, రెండోది జహీర్ తీసుకున్నారు. కొన్నాళ్ళు వారం వారం మార్చుకున్నారు. తర్వాత ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అలవాటు ఇష్టమైంది, ఇష్టం కాస్తా పక్షమైంది.

ఇప్పుడు ఇద్దరికీ నలభై దగ్గర పడింది. ఇలాంటి పాత సంకలనాల మీద ప్రేమున్నవాళ్ళంతా కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఇళ్ళూ వాకిళ్ళూ, ఉద్యోగాలూ పిల్లలూ ఉన్న పెద్దమనుషులు. పొద్దున్న లేస్తే చాలు, ఏ మిక్స్ గొప్పది, ఏ అతుకు బాగా కుదిరింది, ఎక్కడ వేగం పెంచడం తప్పు, ఇదే గొడవ. ఎవడు పట్టిన కుందేలుకి వాడు మూడే కాళ్ళంటాడు. అది సరదాగా ఉన్నంతకాలం బాగానే ఉంది. ఒకరోజు మురారికీ జహీర్‌కీ మధ్య ఆ రెండు డిస్కుల మీద మాట మొదలైంది. చిలికి చిలికి గాలివానైంది. నలుగురూ చూస్తున్నారు కదా అని మురారికి ఉత్సాహం వచ్చింది. "రెండో డిస్కు విని ఏడ్చేవాళ్ళకి సంగీతం దేనికి, చేతిరుమాలు చాలు" అని రాశాడు.

గ్రూపంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికి జహీర్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

"మాస్టారూ, మీరొక్క మాట చెప్పండి" అన్నాడు మురారి, చాప మీద కూర్చోకుండానే. "మొదటి డిస్కు గొప్పదా, రెండోదా? మీరు చెబితే వాడు కాదనడు."

"ముందు కూకో. ఏటయింది?"

మురారి జరిగింది చెప్పాడు. చేతిరుమాలు మాట కూడా నవ్వుతూనే చెప్పబోయాడు గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"వాడేటన్నాడు?"

"ఏమీ అన్లేదండి. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. ఇక్కడికీ రావడం మానేశాడు కదా, మీరే చూస్తున్నారు."

"రెండోదే గొప్పదని నేనన్నాననుకో?"

"ఒప్పేసుకుంటానండి. నువ్వే గెలిచావురా అని ఇప్పుడే మెసేజ్ పెట్టేస్తాను." ఆ మాట అనడంలో మురారికి ఎంత ఆత్రం ఉందో మాస్టారు గమనించారు.

"మొదటిదే గొప్పదంటే?"

గెలవడానికే వెళ్తున్నానని మురారి ఇంటి దగ్గర అనుకున్నాడు. తీరా గెలుపు ఎదురుగా వచ్చి నిలబడితే, దాన్ని పట్టుకెళ్ళి ఎవరికి చూపించాలో తెలియలేదు.

"డిస్కు తెచ్చేవా?"

"తెచ్చానండి."

"ఆఖరి పాట పెట్టు."

మాస్టారి బల్ల మీద రెండు సీడీ ప్లేయర్లు, వాటి నడుమ మిక్సర్. అటు ప్లేయర్‌కీ ఇటు ప్లేయర్‌కీ మధ్య జరిపే చిన్న మీట ఒకటుంది, దాన్ని ఫేడర్ అంటారు. మురారి ఎడమవైపు ప్లేయర్‌లో డిస్కు పెట్టాడు. ఎన్ని వందలసార్లు విన్న పాటో! అయినా మొదటి దరువు పడగానే ఒళ్ళు ఝల్లుమంది. మాస్టారు కళ్ళు మూసుకుని తల ఆడిస్తూ విన్నారు. ఆయన ముఖంలో సంతోషం చూసి మురారికి ధైర్యం వచ్చింది. తీర్పు తనవైపే అనుకున్నాడు.

పాట చివరికి వస్తుండగా మాస్టారు కళ్ళు తెరిచారు. హెడ్‌ఫోన్ తీసి అతని చేతికిచ్చారు.

"ఊఁ, కలుపు."

మురారి అలవాటుగా హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకుని, కుడివైపు ప్లేయర్ మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆగాడు.

"ఇందులో డిస్కు లేదు కదండీ."

"నీ దగ్గరున్నదే గొప్పదన్నావు కదా. ఇంకోటెందుకు? కలుపు."

మురారి చెయ్యి కదల్లేదు. మాస్టారు అతని చేతిని ఫేడర్ మీదికి తెచ్చి, దాని మీద తన చెయ్యి వేసి, ఖాళీ ప్లేయర్ వైపు జరిపారు. మొదటి రోజు పాఠంలో చేయి పట్టుకుని నేర్పినంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా జరిపారు. పాట కొంచెం కొంచెంగా సన్నబడింది. దరువు దూరమైంది. మీట కుడి చివరికి చేరింది.

గదిలో ఇంక పాట లేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఎడమవైపు ప్లేయర్‌లో డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంది.

"గెలిచేవు" అన్నారు మాస్టారు, మెత్తగా. ఆ గొంతులో వెటకారం లేదు. "విను."

మురారి విన్నాడు. వినడం తప్ప చేయడానికి ఏమీ లేదు. కాసేపటికి అతనికి కొన్నేళ్ళ కిందటి ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. లోపల జహీర్ వాళ్ళ నాన్న మంచం మీద ఉన్నారు. బయట బెంచీ మీద జహీర్, పక్కన తను. ఇయర్‌ఫోన్ ఒకటి జహీర్ చెవిలో, ఒకటి తన చెవిలో. రెండో డిస్కు నడుస్తోంది. అందులో అన్ని వాయిద్యాలూ ఆగిపోయి ఒక్క సన్నని స్వరం మిగిలే చోట జహీర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసినవాడు ప్రపంచంలో మురారి ఒక్కడే.

"నాకు తెలుసండి" అన్నాడు. "తెలిసే రాశాను. తెలీక రాసుంటే ఇంత బాధుండేది కాదు."

పర్లేదులే అని మాస్టారు అన్లేదు. తప్పు చేశావనీ అన్లేదు. శిష్యుడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

"ఎంతసేపు వినాలండీ ఇలాగ?" అన్నాడు మురారి. "వాడు తిరిగొచ్చేదాకానా?"

"కాదు నాయనా. నువ్వు వెళ్ళేదాకా."

జహీర్ ఇల్లు కోట వీధిలో. దారిపొడుగునా మురారి మాటలు కూర్చుకుంటూ వెళ్ళాడు. ఎలా మొదలుపెట్టాలి, క్షమాపణ ముందా, కారణం ముందా అని అన్నీ వరసలో పెట్టుకున్నాడు. జహీర్ తలుపు తీసి, గడపకి అడ్డంగా నిలబడి చూసేసరికి అందులో ఒక్కటీ మిగల్లేదు.

"ఒరే, రెండోది ఒకసారి వినిపిస్తావా?" అన్నాడు.

జహీర్ అతని ముఖంలోకి చూశాడు. వేళాకోళానికి వచ్చాడేమోనని వెతికాడు. ఎంతసేపు చూసినా మురారి కళ్ళు దించుకోలేదు, తుడుచుకోనూ లేదు.

"మొదట్నుంచీ వినాలి" అన్నాడు జహీర్. "మధ్యలో నోరెత్తకూడదు."

మురారి తలూపాడు. జహీర్ గుమ్మంలోంచి పక్కకి జరిగాడు.