చీమలు పసిగట్టిన జబ్బు

అనగనగా, బెల్లం వండుకుని బతికే ఒక ఊళ్ళో అప్పలనాయుడు అనే తాత ఉండేవాడు. ఆయన ప్రాణమంతా మనవరాలు నూకరత్నం మీదే. ఊ కొడుతున్నావా బంగారం?

ఆ పిల్లకి ఉన్నట్టుండి తీరని దాహం పట్టుకుంది. చెంబులకి చెంబులు నీళ్ళు తాగేసేది. ఆ తర్వాత, ఎంత తిన్నా చిక్కిపోసాగింది. ఆ తర్వాత ఓ పొద్దున్న, పెరట్లో పిల్ల ఒంటేలు పోసిన చోట చీమలు బారు కట్టాయి! తాత గుండె గుభేలుమంది.

"ఇది సుగరేనే అమ్మా! నాకూ ఇలాగే చీమలు పట్టీసేయి. ఏడేళ్ళ గుంటకి ఇదేటే!" అని కోడలితో అని నెత్తి బాదుకున్నాడు.

జబ్బు పేరు సరిగ్గానే పట్టాడు, మందు దగ్గరే బోల్తా పడ్డాడు. ముందు బెల్లం మాన్పించాడు. ఆ తర్వాత కాకరకాయ రసం పట్టాడు. ఆ తర్వాత, అయ్యయ్యో, తను వేసుకునే మాత్రలో సగం విరిచి పిల్లచేత మింగించాడు!

అప్పుడు పిల్లకి వాంతులు పట్టుకున్నాయి. ఆయాసం మొదలైంది. నోరు మగ్గిన పండు వాసనేసింది. తాత పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

మాత్ర సంగతి విని డాక్టరమ్మ నిర్ఘాంతపోయింది. వెంటనే పిల్లకి సెలైను, ఇన్సులిను పెట్టించింది.

"పెద్దాయనా, పేరొకటే గానీ ఇది మీ జబ్బు కాదు. తిన్న తీపి ఒంటికి పట్టాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. మీకు తాళంచెవి ఉంది, తాళమే మొరాయిస్తోంది. మాత్రలు అందుకే. పాపకి తాళంచెవే తయారవడం లేదు. రోజూ సూదితో ఇవ్వాల్సిందే."

"మా చిన్నకూతురు చిన్నమ్మికి కడుపుతో ఉన్నప్పుడీ సుగరే వచ్చి, పురుడయ్యాక పోయింది కదమ్మా. దీనికీ పోదా?" అని అడిగాడు తాత.

"అది వేరే రకం. కాన్పయ్యాక చాలామందికి పోతుంది. పాపది పోదు."

తాత పిల్ల చిన్ని చెయ్యి పట్టుకుని చూశాడు. బతికినన్నాళ్ళూ సూదులా!

"నా బెల్లమే దీన్నింత చేసిందా?" అని భోరుమన్నాడు.

"బెల్లం వల్ల కాదు, ఎవరి తప్పూ కాదు. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం పిల్ల మీకు దక్కేది కాదు," అంది డాక్టరమ్మ.

అప్పుడు తాత సూది వెయ్యడం నేర్చుకున్నాడు. పిల్ల బుగ్గలు మళ్ళీ నిండాయి.

ఆ తర్వాత ఓ రోజు పెరట్లో మళ్ళీ చీమల బారు! తాతకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ బారు వెంటే తడబడుతూ నడిచాడు. చూస్తే, చివర్న నూకరత్నం కూర్చునుంది. దాని కాళ్ళ ముందు చిన్న బెల్లం ముక్క. చీమలన్నీ ఆ బెల్లం మీదే!

"డాక్టరమ్మ చెప్పినంతే తిన్నాను తాతా. మిగతాది వీటికి పెట్టీసేను," అంది.

తాత ఆ మట్టిలోనే చతికిలబడి పిల్లని గుండెకి హత్తుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో చీమలకే తెలియాలి.

కథేమో కంచి దారి,
చీమేమో పుట్ట దారి,
నువ్వేమో నిద్ర దారి,
బజ్జో నా బంగారి!