మైనం దారం

జిలానీ మేస్త్రి దగ్గర చేరేనాటికే నాకు రాని పని లేదు. కార్ల కరెంటు పనంతా ఫోనులో వీడియోలు చూసి నేర్చేసుకున్నాను. ఒక్కటే చిక్కు. నా దగ్గరికొచ్చే కార్లు ఆ వీడియోలు చూసి ఉండేవి కావు.

ఇంకో విద్య కూడా ఉండేది నాకు. ఏ బండి బానెట్ ఎత్తినా, అంతకు ముందు దాని మీద చెయ్యి వేసినవాణ్ణి తిట్టడం. మా గుంటూరు ఆటోనగర్లో ఈ విద్య అందరికీ వచ్చు. డాక్టరు మెడలో స్టెతస్కోపు లాంటిదది. తిట్టకపోతే వచ్చినవాళ్లకు నమ్మకం కుదరదు. జిలానీ మేస్త్రి ఒక్కడే ఎవర్నీ తిట్టేవాడు కాదు. ఆయనకు పని అంతగా రాదేమోనని కొన్నాళ్లు జాలిపడ్డాను కూడా.

ఒకనాటి పొద్దున పాత తెల్ల కారొకటి తోసుకుంటూ వచ్చారు. తోసేవాళ్లు టీకొట్టు దగ్గరి జనం. వాళ్లతో పాటు కొంగు నడుముకు చుట్టి ఒకావిడ. పేరు సుభాషిణి, బడిలో లెక్కలు చెబుతుంది. స్టీరింగు ముందు కూర్చున్నది ఆమె తండ్రి వెంకటరత్నం గారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి.

"టీ తాగి వచ్చేసరికి కదలనంటోంది," అంది ఆమె. "దొంగలు ఎత్తుకుపోకుండా దీనికేదో పెట్టె బిగించి ఉంది. రిమోటు నొక్కితేగానీ ఇంజను తిరగదు. ఆ రిమోటేమో నిన్న నీళ్లలో నానింది. పొద్దున ఇంటి దగ్గర ఒకసారి పలికింది. ఇక్కడికొచ్చి చచ్చిపోయింది."

"రిమోటు పోయినప్పుడు నొక్కడానికి ఎక్కడో ఒక బటను దాచి ఉంటారమ్మా," అన్నాడు మేస్త్రి.

"దాచారు. ఎక్కడో నాన్నకే గుర్తు రావాలి."

ఆయన కారు తాళం పిడికిట్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. "మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయారు. నిన్న జేబులో రిమోటు ఉండగానే చొక్కా బకెట్లో నానబెట్టారు. ఇవాళ ఇది. ఆ పెట్టె పీకి పారెయ్యండి మేస్త్రి గారూ. తర్వాత బండి అమ్మేస్తాం. నాన్న నడపడం ఇక చాలు."

ఆయనకు వినపడకూడదనే అంది. వినపడింది. పిడికిలి ఇంకాస్త బిగిసింది.

నేను అప్పటికే డాష్‌బోర్డు కింద దూరాను. వైర్లు చూశాక నా విద్య ఆగలేదు. "ఎవడమ్మా ఈ పని చేసింది? టేపు చుట్టాలని కూడా తెలీదు. దారంతో పూలమాల కట్టినట్టు కట్టాడు. దేవుడికి వెయ్యాలనుకున్నాడేమో."

"నేనే కట్టాను," అన్నాడు పెద్దాయన.

తల డాష్‌బోర్డు కింద ఉండటంలో ఎంత సుఖముందో అప్పుడు తెలిసింది. తొందరపడి బయటికి తియ్యలేదు. మాట మార్చాలని, "కోసేసి నేరుగా కలిపేస్తే క్షణంలో పని," అంటూ కటింగ్ ప్లేయర్ అందుకున్నాను.

మేస్త్రి నా కాలి మడమ పట్టుకుని బయటికి లాగాడు. ఆయన వంగాడు. ఆ దారం వెంట వేలు పోనిచ్చాడు, నిద్రపోయే పిల్లవాడి వీపు నిమిరినట్టు. ఆ వేలు డాష్‌బోర్డు కింది నుంచి సీటు కిందికి పోయింది. అక్కడ ఆగింది. మేస్త్రి వేలు ఆగిందంటే పని దొరికినట్టే. అది నాకు తెలుసు. కానీ ఆ చెయ్యి అట్టాగే ఖాళీగా వెనక్కి వచ్చేసింది.

"మేస్త్రీ, దొరికిం..." అనబోయాను.

ఆయన చేతిలోని టార్చి నా నోట్లో అడ్డంగా పెట్టాడు. "పళ్లతో పట్టుకో ఏసుపాదం. వెలుగు చాలట్లేదు."

మిట్ట మధ్యాహ్నం లాంటి ఎండ. కారులో చీమ పాకినా కనపడేంత వెలుగు.

పెద్దాయన సీట్లో పక్కకు తిరిగి, కాళ్లు బయట పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రి ఆయన ముందు నేల మీద చతికిలబడ్డాడు. "సార్, ఇది ఎక్స్ఛేంజీ కట్టు కదా?"

పెద్దాయన మొదటిసారి రోడ్డు మీంచి చూపు తిప్పాడు. "అవును. మైనం దారం. మీకెట్టా తెలుసు?"

"కుర్రతనంలో ఒకసారి లోపలికెళ్లి చూశా. గోడ నిండా వైర్లు, జడలేసినట్టు. అప్పట్నించి టేపు చుట్టినప్పుడల్లా సిగ్గేస్తది. ఎట్టా కడతారో చూపిస్తారా?"

కొట్లో ఉన్న కొవ్వొత్తికి దారం రాసి తెచ్చాడు. పెద్దాయన తాళం ఒళ్లో పెట్టుకుని దారం అందుకున్నాడు. మొదటి ముడికి వేళ్లు తడబడ్డాయి. రెండోదానికి తడబడలేదు. తర్వాత మేస్త్రి వేశాడు, తప్పుగా.

"అట్టా కాదయ్యా. కింది నించి తియ్యాలి. లాగేటప్పుడు బొటనవేలితో అదిమి పట్టు."

మేస్త్రి మళ్లీ వేశాడు. మళ్లీ తప్పే. వెంట్రుకంత వైరును కూడా మాట వినేట్టు చేసే మనిషి ఆయన. ఆ తప్పు నిజమో నటనో నాకు ఈనాటికీ తెలీదు.

"మరి సార్, కట్టలోంచి ఒక్క వైరు విడిగా పక్కకు పోవాలంటే?"

"పోయే చోట రెండు ముళ్లు. కట్టకొకటి, పోయేదానికొకటి. లేకపోతే మన తర్వాత వచ్చినవాడు ఎట్టా వెతుక్కుంటాడు?" అంటూ పెద్దాయన సీట్లో ఇటు తిరిగి వంగాడు. "చూడు, ఇక్కడ రెండు. ఇది హారనుకు పోతుంది. ఇదేమో లైట్లకి. ఇది..."

ఆగిపోయాడు.

"ఎండగా ఉంది నాన్నా, దిగు. వాళ్లు చూసుకుంటార్లే," అంది కూతురు.

మేస్త్రి కదల్లేదు. తప్పుగా వేసిన ముడిని విప్పుకుంటూ కూర్చున్నాడు. నా దవడలు లాగుతున్నాయి. చొంగ కారి చొక్కా తడిసింది. అంత గొప్ప మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం నా జీవితంలో అదే మొదలు.

"ఇక్కడ కూడా రెండు వేశాను," అన్నాడు పెద్దాయన తనలో తాను. "ఎందుకు వేశానబ్బా?"

ఆయన వేలు దారం పట్టుకుని నెమ్మదిగా సీటు కిందికి పోయింది. అక్కడ ఆగింది. రెండో చేత్తో ఒళ్లోని తాళం తీసి పెట్టి తిప్పాడు. సీటు కింద బటను టిక్కుమంది. ఇంజను అందుకుంది.

తర్వాత పెద్దాయన ఇంజను ఆపి, చొక్కా చేతులు మడిచాడు. "పెట్టె కూడా పాతబడిపోయింది మేస్త్రీ. తీసేద్దాం. కొయ్యొద్దు. ముళ్లు విప్పి తీద్దాం."

ఆయన చెబుతుంటే మేస్త్రి పనిముట్లు అందించాడు. మా మేస్త్రి ఇంకొకరికి స్క్రూడ్రైవరు అందించడం నేనెన్నడూ చూడలేదు. ఎంత బాగా అందించాడో. అడగబోయే ముందే చేతిలో ఉండేది. ముళ్లు విప్పే పని నాకు పడింది. ఒక్కటి విప్పడానికే గోళ్లు అరిగాయి. అంత గట్టిగా, అంత అందంగా ఉన్నాయవి.

పని అయ్యాక సుభాషిణి డ్రైవరు తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కారు చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమ పక్క సీట్లో కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

"బడికి టైమవుతోంది నాన్నా. పోనియ్యి."

కారు మలుపు తిరిగిందాకా మేస్త్రి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆగలేకపోయాను.

"బటను మీ చేతికి ముందే తగిలింది కదా మేస్త్రీ?"

"తగిలింది."

"మరి చెప్పలేదేం?"

ఆయన చేతులు కడుక్కోవడానికి పంపు వైపు నడిచాడు.

"నేను చెబితే కారొక్కటే కదిలేది."