కాళ్ళకింద ఇప్పపూలు

అనగనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక అడవి. ఆ అడవికి పులి రాజు.

ఏటా ఫాల్గుణం ముగిసే రోజున జంతువులన్నీ రాజు ముందు నిలబడాలి. ఆ ఏడు దక్కినదేమిటో, చేజారినదేమిటో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ ఒక్కరోజు పులిగారికి ఉపవాసం. లేకపోతే సభకు దుప్పులెందుకు వస్తాయి!

ఆ అడవిలో ఒక తల్లి ఎలుగు ఉండేది. వీపు మీద రెండు పిల్లలు. దానికి కాలు ఒకచోట నిలిచేది కాదు.

వానాకాలంలో చెదపుట్ట తవ్వుతూ, నేరేడుపళ్ళ వాసన తగలగానే వదిలేసి పరుగెత్తింది. నేరేళ్ళను అప్పటికే కోతులు ఊడ్చేశాయి. వెనక్కి వస్తే పుట్ట దగ్గర ఇంకో ఎలుగు!

చలికాలంలో రేగుపళ్ళు దొరికాయి. అవతలి ఒడ్డున ఇంకా తియ్యగా ఉంటాయేమోనని వాగు దాటింది. అక్కడ ముళ్ళు తప్ప ఏమీ లేవు. ఈలోగా ఇవతలివి నక్కలు తినేశాయి.

తరువాత తేనెపట్టు కనబడింది. కొండ సగం ఎక్కాక, ఇంకో చరియలో ఇంతకన్నా పెద్దది ఉందేమోనని దిగిపోయింది. రెండూ దక్కలేదు. ఏడాది చివరికి తల్లి చిక్కి సగమైంది. పిల్లలకు పాలు చాలడం లేదు.

సభ రోజు తెల్లవారింది. ఎలుగు ఒక ఇప్పచెట్టు కింద అటూ ఇటూ తిరుగుతోంది.

“రాజుగారికి ఏం చెప్పను? ఆ పుట్ట దగ్గరే ఉండి ఉంటే! ఆ వాగు దాటకుండా ఉంటే!”

పైనుంచి ఇప్పపూలు టపటపా రాలుతున్నాయి.

“అమ్మా, ఆకలి!” అన్నాయి పిల్లలు.

“ఉండండర్రా, నా బాధలో నేనున్నాను.”

చెట్టుకు అటువైపు ఒక దుప్పి పూలు తింటోంది. “ఎలుగక్కా, ఎండెక్కితే ఇవి వాడిపోతాయి. రా, తిను” అంది.

“నా ఏడాదంతా నీళ్ళపాలైంది. ఇప్పుడు నాకు పూలెందుకమ్మా!” అని ఎలుగు తిరుగుతూనే ఉంది.

సభ మొదలైంది. ముందు నక్క లేచింది.

“నాకు అన్నీ దక్కాయి ప్రభూ. ఒక్కటీ చేజారలేదు.”

“మరి ఆ ఎండిన డొక్కలేమిటయ్యా?” అంది పులి. నక్క తోక ముడిచి కూర్చుంది.

తరువాత దుప్పి. “రేగుపళ్ళకు ఆలస్యంగా వెళ్ళాను ప్రభూ, దక్కలేదు. ఇవాళ ఇప్పపూలు దక్కాయి. సగం నేను తిన్నాను. మిగతావి ఎలుగక్క కాళ్ళకింద పడ్డాయి.”

ఎలుగు ఉలిక్కిపడి కాలెత్తి చూసుకుంది. అరికాలి నిండా పూలగుజ్జు.

“మూడు పోగొట్టుకున్నాను ప్రభూ” అని మొదలుపెట్టి ఆగిపోయింది. “కాదు, నాలుగు. ఆ మూడింటి కోసం ఏడుస్తూ నాలుగోదాన్ని ఇవాళ పొద్దున తొక్కేశాను. పిల్లలు ఆకలంటున్నా వినలేదు.”

సభలో ఎవరూ నవ్వలేదు.

“నిజం చెప్పావు. చెట్టు రేపూ పూలు రాలుస్తుంది, వెళ్ళు” అంది పులి.

“రాలకపోతే ప్రభూ? కోతులొస్తే? ఇంకో చెట్టు కూడా చూసుకోనా?”

“వెళ్ళమన్నానా!”

ఉగాది తెల్లవారింది. ఎలుగు చెట్టు కింద కూర్చుంది. కాళ్ళు ఇంకెటో లాగుతూనే ఉన్నాయి. కొండవైపు నుంచి తేనె వాసన వచ్చింది. లేవబోయింది. అంతలో ముందర ఒక పువ్వు రాలింది. దాన్ని పిల్ల నోటికి అందించింది. రెండోది రెండో పిల్లకు. ఎండ వచ్చేదాకా అక్కడి నుంచి కదలలేదు.

పోయిన అవకాశం కోసం అదేపనిగా ఏడ్చేవారికి, ముందున్న అవకాశం కనబడదు.