దేశాయి ఇచ్చిన ఫిర్యాదు

రంగవరాన్ని రాజులేలే రోజుల్లో, కుమ్మరి గవరమ్మ కుండలు కాల్చుకునే జాగా మీద ఊరి పెత్తందారు దేశాయి కన్ను పడింది. ఎంత బెదిరించినా ఆమె ఇవ్వనంది. దాంతో తన వజ్రాలహారాన్ని గవరమ్మ ఎత్తుకుపోతుంటే కళ్ళారా చూశానని కొత్వాలుకు ఫిర్యాదు చేశాడు. దొంగకు దేశబహిష్కారం. ఫిర్యాదు అబద్ధమని తేలితే, అదే శిక్ష ఫిర్యాదు చేసినవాడికి!

చావడి కిక్కిరిసిపోయింది. గవరమ్మ కొత్వాలు ముందుకొచ్చి నిలబడింది.

“హారం ఎక్కడుందో నాకు తెలుసు బాబయ్యా! దేశాయిగారింట్లోనే ఉంది.”

దేశాయి ఎగిరి గంతేశాడు. “విన్నారా కొత్వాలుగారూ! దొంగ కాకపోతే దీనికెలా తెలుస్తుంది?”

“అయితే వెతికించండి,” అంది గవరమ్మ.

దేశాయి మొహం పాలిపోయింది. వద్దు వద్దంటున్నా వినకుండా భటులు ఆయన మొలతాడుకున్న తాళంచెవి లాక్కుని పరుగెత్తారు. ఇనప్పెట్టె తెరవగానే హారం తళతళలాడింది!

“నువ్వు తీయకపోతే, అక్కడుందని ఎలా తెలిసిందే?” అన్నాడు కొత్వాలు ఆశ్చర్యంగా.

“నేను తీయని హారాన్ని తీస్తుంటే చూశానన్నారు కదా బాబయ్యా, దేశాయిగారు! ఎక్కడికీ పోని నగ ఇంట్లో కాక ఇంకెక్కడుంటుంది?”

చావడి అంతా ఈలలు, కేకలు! పొద్దుగూకేలోపే దేశాయి రాజ్యం పొలిమేర దాటాడు.