రెండు గాట్లు

పోతపనిలో చెయ్యి తిరిగిన కనకాచారి గారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, చేతికో పని అప్పగిస్తారు. శిష్యురాలు ఇందుమతికి ఆ సంగతి తెలియంది కాదు. అయినా మూడేళ్ళు తంటాలు పడి ఇంట్లోనే లేజర్ యంత్రం తయారుచేసుకున్న సంబరంలో ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, వెంట్రుకవాసి తేడా లేకుండా నమూనా చేసే యంత్రం ఉండగా, పాతవాళ్ళ చేతిపనితో మనకింకేం అవసరం?"

నిజానికి ఆ యంత్రం తీసిపారేయదగిందేమీ కాదు. మైనప్పొడిని పలచగా పరిచి, లేజర్ వెలుగుతో కావలసినంత మేరే కరిగించి, పొర మీద పొరగా వస్తువును లేపుతుంది. ఆ మైనం నమూనా చుట్టూ మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో లోహం పోస్తారు.

ఆచారి గారు పంపు చక్రం తాలూకు కొయ్య నమూనా ఒకటి ఆమె చేతిలో పెట్టారు. అది ఆయన గురువుగారు చెక్కింది, ఇప్పుడు పగుళ్ళిచ్చింది. దీన్ని చూసి కొత్త నమూనా చేసి, దాంతో చక్రం పోత పొయ్యమన్నారు. చక్రం పంపులో కూర్చుంటే యంత్రానికి తన పోతపని షెడ్డులో చోటిస్తానన్నారు. ఇందుమతికి అంతకంటే కావలసిందేముంది?

లోహం చల్లారితే కుంచించుకుపోతుందని ఆమె చదువుకుంది. అందుకని కొయ్య నమూనా కొలతలు తీసుకుని, కంప్యూటర్లో ఆ కాస్తా పెంచి మరీ నమూనా చేసింది. ఇత్తడి చక్రం బంగారంలా మెరుస్తూ వచ్చింది. కానీ పంపులో ఎంత తోసినా దిగలేదు.

ఆచారి గారు కొయ్య నమూనా తిరగేసి, అడుగున ఉన్న రెండు గాట్లు చూపించారు. "ఇవేమిటని అడగలేదేం?"

"దెబ్బలు తగిలాయనుకున్నానండీ. కంప్యూటర్లో చెరిపేశాను."

ఆ షెడ్డులో రెండు గాట్లంటే, కుంచించుకుపోయేదంతా ముందే కలిపి చెక్కామని గుర్తు. కలిపినదానికే ఆమె మళ్ళీ కలిపింది. సంగతి తెలిశాక ఇందుమతికి సిగ్గేసింది. కరిగించేద్దామని చక్రాన్ని తీసుకుని కొలిమి వైపు నడిచింది.

ఆచారి గారు ఆపి, ఆమె చేతికి ఆకురాయి ఇచ్చారు. కిటికీ పక్కనున్న తన బల్లను జరుపుతూ, యంత్రానికి ఎంత చోటు కావాలని అడిగారు. తర్వాత చక్రం వంక కాక ఆమె వంక చూస్తూ అన్నారు:

"తక్కువైతే మళ్ళీ కరిగించాల్సి వచ్చేది. ఎక్కువైంది కదమ్మా, కాస్త అరగదీస్తే సరిపోతుంది."