పునాదిలో అరవై నాలుగు బిరుదులు

ఒకానొక రాజ్యంలో కొండరాళ్ళకు కరువు లేదు, ఏలికగారి బిరుదులకు అంతకన్నా కరువు లేదు. ఆయన పేరు రణవిక్రమ చక్రవర్తి. మనసు వెన్న. దారుల వెంట చలివేంద్రాలు పెట్టించాడు, నాట్యశాలలు కట్టించాడు, పల్లెల్లో ఆరోగ్యశాలలు నిలబెట్టాడు. కానీ పొగడ్త చెవిన పడిందా, ఇక మనిషి నేలమీద ఉండేవాడు కాడు.

ఆయన్ని అలా గాల్లో తేలించే పని ఆస్థానకవి సోమిదేవభట్టుది. ఏడాదికి రెండో మూడో కొత్త బిరుదులు అల్లి తగిలించేవాడు. తగిలించగా తగిలించగా అవి అరవై నాలుగయ్యాయి. సభలో అవన్నీ చదవడం పూర్తయ్యేసరికి, మొర పెట్టుకుందామని వచ్చినవాడు ఏ మొర పెట్టుకోవాలో మరిచిపోయేవాడు.

ఒకసారి చక్రవర్తి మోదుగుమడుగు అనే పల్లె మీదుగా వెళుతూ, అక్కడ ఆరోగ్యశాలలో ముప్పై ఏళ్ళుగా మందిస్తున్న బాచమ్మను చూసి ముచ్చటపడ్డాడు. మందుమొక్కలు పెంచుకోవడానికి, రోగులకు గంజి కాచి పోయడానికి ఆరు పుట్ల నేల ఇస్తున్నానని నలుగురిలో మాట ఇచ్చాడు. ఆ నేల అప్పటికే ఊరిపెద్ద దున్నుకుంటున్నాడు. "మాట గాలిది. రాతి మీదికెక్కితే అప్పుడు వదులుతాలే" అన్నాడతను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

చక్రవర్తి శాసనం వేయించమన్నాడు. రాయి చెక్కే పని ఆ ఊరి కాచోజుకే వచ్చింది. శాసనాలు చెక్కడంలో ఆ రాజ్యంలో అతన్ని మించినవాడు లేడు. బాచమ్మ చేతిమందుతోనే అతని కూతురు పురిటి గండం గడిచి బతికింది. అందుకని సంబరంగా రాజధానికి వెళ్ళాడు. అక్కడ చక్రవర్తి ఎదుటే భట్టు ఒక తాటాకుల కట్ట చేతిలో పెట్టాడు. అంతా బిరుదులే!

కాచోజు లెక్కచూసుకుని అన్నాడు. "ప్రభూ, ఇవన్నీ చెక్కితే రాయి ముందూ వెనకా నిండిపోతుంది. దానం సంగతి రాయడానికి చోటుండదు. నాలుగైదు తగ్గిస్తే..."

భట్టు ఇంతెత్తున లేచాడు. "ఓయీ, ఎంత మాటన్నావు! ఏలినవారి బిరుదులే ఈ శాసనానికి పునాది. పునాది లేని దానం ఎక్కడైనా నిలుస్తుందా?"

"భట్టు చెప్పిందే మా ఆజ్ఞ" అన్నాడు చక్రవర్తి మీసం దువ్వుకుంటూ. "ముందు బిరుదులు. ఒక్క అక్షరం తగ్గకూడదు. చోటు మిగిలితే దానం సంగతి రాసుకో."

కాచోజు తాటాకుల కట్ట చంకన పెట్టుకుని ఊరిదారి పట్టాడు. తిరిగొచ్చేసరికి బాచమ్మ ఆరోగ్యశాల గుమ్మంలోనే ఎదురైంది. "కాచన్నా, ఎక్కుతుందా మన నేల?" అని అడిగింది. కాచోజు ఆమెను వెంటబెట్టుకుని, ఆ నేల గట్టున దించిన రాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఎనిమిది జతల ఎడ్లు లాక్కొచ్చిన పెద్ద రాయి. దాన్ని అటూ ఇటూ చూశాడు. భట్టు మాట మళ్ళీ గుర్తుచేసుకున్నాడు. ఫక్కున నవ్వాడు.

"ఎక్కుతుందమ్మా. భట్టుగారే దారి చూపించారు!"

చుట్టూ తడికలు కట్టుకుని నెలరోజులు చెక్కాడు. తడికల చాటునే రాయి నిలబెట్టాడు.

చక్రవర్తి పరివారంతో వచ్చాడు. తడికలు తీశారు. రాతిమీద గుండ్రటి పెద్ద అక్షరాలు, ఎవరైనా కూడబలుక్కుని చదవగలిగేటట్టు ఉన్నాయి. "రణవిక్రమ చక్రవర్తి ఈ ఊరి ఆరోగ్యశాలకు, బాచమ్మకు, ఆమె తర్వాత మందిచ్చేవారికి ఆరు పుట్ల నేల ఇచ్చాడు. దీన్ని కాజేసినవాడు అరవై వేల ఏళ్ళు పేడలో పురుగై పుడతాడు."

ఊరిపెద్ద గబగబా ఆ నేల గట్టు దిగి అవతల నిలబడ్డాడు.

"మా బిరుదులేవి?" చక్రవర్తి కళ్ళు ఎర్రబడ్డాయి.

"పునాదిలో ఉన్నాయి ప్రభూ" అన్నాడు కాచోజు.

"అబద్ధం! ద్రోహం!" అని భట్టు గంతులేశాడు. "తవ్వండి!"

తవ్వారు. భూమిలో పాతిన రాతి మొదలుకు నాలుగు వైపులా ఆవగింజలంత అక్షరాలు. చదవడానికి భట్టు బోర్లా పడుకుని గోతిలోకి తల పెట్టాల్సి వచ్చింది. తలపాగా జారి బురదలో పడింది. చీమలు కుట్టాయి. ఒక్కో బిరుదూ చదివి ఒక్కో "అబ్బా!" అన్నాడు. అరవై నాలుగూ ఉన్నాయి. అక్షరం తగ్గలేదు.

"ముందు బిరుదులే చెక్కాను ప్రభూ. బిరుదులు పునాది అన్నారు భట్టుగారు, తమరు ఔనన్నారు. పునాదిని పైన కట్టడం నాకు చేతకాలేదు."

"మా కీర్తిని పాతిపెట్టి, పైగా చమత్కారమా? చేతులు తీయిస్తాను!"

బాచమ్మ గొల్లుమంది. కాచోజు ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. "నా చేతులు చేసిన ఇంకో పని కూడా వినండి ప్రభూ. తమరు పట్టానికి రాగానే పాత రాజుగారి బిరుదులన్నీ చెరిపెయ్యమన్నారు. ఇరవై రాళ్ళ మీద ఈ చేతులతోనే చెరిపేశాను. ఆయన చేసిన దానాలు మాత్రం తమరు కూడా చెరపమనలేదు. రేపు వచ్చే రాజుకు కంటికి కనబడిన బిరుదు కడుపుమంట. కనబడనిది ఎలా చెరుపుతాడు?"

చక్రవర్తి రాయి వైపు తిరిగాడు. అంతలో బాచమ్మ కళ్ళు తుడుచుకుంటూ రాతిమీద ఆయన పేరును వేలితో తడిమి, ఆ వేలు కళ్ళకద్దుకుంది. ఆమె వెనక రోగులు, వాళ్ళ వెనక ఊరు, అందరూ ఆ పేరుకు దండం పెట్టారు. ముందు ఒక్క బిరుదైనా లేని ఉత్త పేరది. చక్రవర్తి దగ్గరికొచ్చి తన పేరును తానే ఒకసారి కూడబలుక్కుని చదువుకున్నాడు.

గోతిలోంచి భట్టు తల ఎత్తాడు. ముక్కు నిండా మట్టి. "ప్రభూ, అరవై అయిదోది ఇప్పుడే స్ఫురించింది..."

చక్రవర్తికి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "దాన్ని కూడా అక్కడే ఉంచు భట్టూ, మట్టి కప్పేస్తాం! కాచోజూ, ఓడిపోయాం. నీకేమివ్వమంటావు? మంచి బిరుదొకటి..."

"బిరుదైతే పాతిపెట్టుకోవాలి ప్రభూ. ఈ రాయి లాగిన ఎడ్లలో ఒక జత ఇప్పించండి, పైకి కనిపిస్తాయి."

ఒకటి కాదు, రెండు జతలు ఇచ్చాడు చక్రవర్తి. ఒక జత కాచోజుకు, ఒక జత బాచమ్మ నేల దున్నడానికి. ఇక ఆ అరవై నాలుగు బిరుదులంటారా, భద్రంగానే ఉన్నాయి. చదవాలని సరదా ఉన్నవాళ్ళు గునపం పట్టుకుని వెళ్ళాలి, అంతే.