గవరయ్య గారి కుంచం

పిల్లలూ, మీరు ఈ దూరదేశంలో పుట్టారు కనుక ఈ కథ మీ చెవిన పడి ఉండదు.

పూర్వం గవరయ్య అనే ధాన్యం వర్తకుడు రోజూ పనివాళ్లకు నీతి బోధించి, గింజలు తక్కువ పట్టేలా లోపల అడుగున చెక్క బిగించిన కొలత కుంచంతో గింజలు అమ్మించేవాడు. ఒకనాడు దివాను ఆ కుంచం పట్టుకున్నాడు.

"కొలిచేది ఈ పైడమ్మే, బాబూ. నాకేం తెలీదు," అన్నాడు గవరయ్య.

పైడమ్మ అతని కొట్టులో గింజలు కొలిచే పనిమనిషి. తప్పుడు కొలతకు శిక్ష చెయ్యి నరకడం. భటులు అప్పుడే ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"దొంగను నేనే బాబూ," అంది నెమ్మదిగా. "కొలతలో మిగిల్చిందంతా అయ్యగారి గాదెలో దాచాను. కొన్నవాళ్లకు పంచెయ్యండి."

దివాను గాదె తెరవమన్నాడు. గవరయ్య అడ్డంపడ్డాడు.

"ఆగండి బాబూ, ఆ మిగులంతా నాదే."

"అలాగా? అయితే ఆవిడ చెయ్యి వదిలి ఈయనది పట్టుకోండి," అన్నాడు దివాను.

రేపు మీరూ ఉద్యోగాల్లో చేరతారు. పక్కన పనిచేసేవాళ్లకు ఈ కథ చెప్పండి. మీరే యజమానులైతే, మీ కింద పనిచేసేవాళ్లకు ముందు చెప్పండి.